పెద్దలు వేసిన ఉప్పు

అనగనగా అన్నానని మరీ తాతల కాలం అనుకోకండి పిల్లలూ. ఇది మొన్న మొన్నటి సంగతే. ఒక అడవి ఉండేది. దాని మధ్యలో మోదుగువాగు అని ఒక వాగు. పేరుకే వాగు. మోదుగపూలు రాలేసరికి అందులో నీళ్ళు పోయి ఇసుక మిగిలేది.

ఆ అడవిలో ఒక ఎలుగుబంటి. పేరు నీలవేణి. తల నుంచి తోక దాకా అంతా నల్లటి జుట్టే కాబట్టి ఆ పేరు ఆమెకి నప్పినట్టు ఇంకెవరికీ నప్పదు. ఆమెకి ఇద్దరు పిల్లలు. పోయిన ఎండాకాలం ఆ ఇద్దరినీ వీపు మీద ఎక్కించుకుని, మూడు కొండలు దాటి నీళ్ళకి వెళ్ళింది. రోజూ వెళ్ళింది. ఒకరోజు దారిలో చిన్నదానికి నాలుక పిడచకట్టుకుపోయింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఆ ఎండిన నాలుక నీలవేణి కళ్ళ ముందు నుంచి ఇప్పటికీ పోలేదు.

అన్నట్టు, అన్ని కొండలు ఎక్కి నీళ్ళకి వెళ్ళింది అందరూ ఆడజంతువులే. మరి మగజంతువులు? వాళ్ళు ఖాళీగా ఏం లేరు. వాగు ఎందుకు ఎండిపోయిందో నీడలో కూర్చుని చర్చిస్తున్నారు.

నిజానికి వాగు ఇసుక కింద నీళ్ళున్నాయి. కానీ అంత లోతు తవ్వగలిగింది ఏనుగులే. ఏనుగుల మంద ప్రతి ఏడూ ఎండలు ముదిరే ముందు ఏదో ఒక అడవిని ఎంచుకుని అక్కడ మకాం వేస్తుంది. వాగులో కాలితో తన్ని, తొండంతో తోడి గోతులు తవ్వుతుంది. తాము తాగినన్ని తాగి, మిగతావి అందరికీ వదిలేస్తుంది. ఈ ఏడు ఆ మంద మోదుగువాగుకి వస్తే చాలు. నీలవేణి పిల్లలు కొండలెక్కక్కర్లేదు.

అందుకని మద్దిచెట్టు కింద సభ పెట్టారు.

అధ్యక్షుడు అడవిదున్న గంభీరయ్య. మాట్లాడే ముందు మూడుసార్లు బుసకొడతాడు. అది కూడా ఉపన్యాసంలో భాగమే. ఏర్పాట్ల కార్యదర్శి కొండముచ్చు లంబయ్య. ఆయన చేసే ఏర్పాటల్లా తన తోకని సర్దుకోవడమే. ప్రచార కార్యదర్శి నెమలి పింఛాలరావు.

"ఏనుగుల్ని మన అడవికి రప్పించాలి. ఎలా?" అన్నాడు గంభీరయ్య.

"ఇంకో సభ పెడదాం," అన్నాడు లంబయ్య.

"నేను నాట్యం చేస్తాను," అన్నాడు పింఛాలరావు. ఏ ప్రశ్నకైనా ఆయన జవాబు అదే.

వెనక నుంచి నీలవేణి చెయ్యెత్తింది. "తిండి పెడదామండీ. రుచుల జాతర చేద్దాం. ఏనుగులు పొద్దస్తమానం నడిచేది తిండి కోసమే కదా. మన దుంపల పులుసు, మన ఉలవగుగ్గిళ్ళు, మన తేనె పానకం ఒక్కసారి నోట్లో పడితే ఇక్కడే ఆగిపోతారు."

గంభీరయ్య మూడుసార్లు బుసకొట్టాడు.

"నాకొక ఆలోచన వచ్చింది," అన్నాడు. "రుచుల జాతర చేద్దాం!"

చప్పట్లే చప్పట్లు! నీలవేణి కూడా కొట్టింది. కొట్టడం అయ్యాక గానీ ఆ ఆలోచన తనదేనని ఆమెకి గుర్తు రాలేదు.

పక్కనే కూర్చున్న ముళ్ళపంది ఆమె డొక్కలో మెల్లగా పొడిచింది. ఆమె పేరు కోమలి. నాలుక ఆమె ముళ్ళ కంటే వాడి. "చప్పట్లు బాగా కొట్టావు వదినా," అంది. "ఇక పొయ్యి రాజెయ్యి."

నీలవేణి, కోమలి, అడవిపంది రత్తాలు, ముగ్గురూ కలిసి పనిలోకి దిగారు. రత్తాలుకి పదకొండు మంది పిల్లలు. ఆమె ఎక్కడికి వెళ్ళినా వెనకాల పదకొండు తోకలు ఊగుతుంటాయి. దుంపలు తవ్వడంలో ఆమెని మించినవాళ్ళు లేరు.

ముందుగా అతిథుల్ని లెక్కవేశారు. ఏనుగులు పద్నాలుగు. పక్క అడవుల నుంచి జింకలు, కుందేళ్ళు, పిట్టలు, కోతులు. ఆ రోజుకి ఎవర్నీ తిననని ఒట్టేసి వస్తున్న చిరుతపులి ఒకటి. ఏనుగుకి ఎన్ని విస్తళ్ళు? కుందేలుకి ఎంత ఆకు? అడ్డాకులు కోసుకొచ్చారు. కుట్టడానికి పుల్లలు ఎక్కడివి అంటే, కోమలి వీపు తిప్పి చూపించింది. "ఇదిగో, కావలసినన్ని. పీక్కోండి. అబ్బా, ఒక్కొక్కటిగా పీకండే!"

చంటిపిల్లల తల్లులకి నీడ ఎక్కడ వెయ్యాలి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు ఎలా మిగల్చాలి, చీమలు రాకుండా పానకం ఎక్కడ దించాలి, అన్నీ అనుకున్నారు. మూడు కొండల అవతల నుంచి నీళ్ళు కూడా మోసుకొచ్చి పెట్టారు. ఆఖరికి నీలవేణి అంది: "జాతర ముందురోజు కొంచెం కొంచెం వండి, మనమంతా కూర్చుని తిని చూద్దాం. ఉప్పూ పులుపూ తెలుస్తాయి. ఇంత మందికి ఒకేసారి ఎప్పుడూ వండలేదు కదా."

మంచి ఆలోచనే. కానీ ఒక చిక్కుంది.

ఆ అడవిలో ఒక ఆచారం. వండేవాళ్ళు రుచి చూడకూడదు. చూస్తే వంట ఎంగిలైపోతుంది. వండేవాళ్ళు అందరితో కూర్చోనూ కూడదు. మొదటి బంతి పెద్దలది, రెండో బంతి మగపిల్లలది, మూడో బంతి మిగిలినవాళ్ళది. అంతా లేచాక, గిన్నె అడుగున ఏదైనా ఉంటే, అది వండినవాళ్ళది. ఈ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఎవరికి లాభమో మాత్రం అందరికీ తెలుసు.

నీలవేణి కమిటీ దగ్గరికి వెళ్ళి అడిగింది. "అయ్యా, ముందురోజు రుచి చూడనివ్వండి."

"ఎంగిలి!" అన్నాడు గంభీరయ్య.

"పోనీ, ఆ రోజు పొద్దున్న ఒక్క గరిటె?"

"ఎంగిలి!" అన్నాడు లంబయ్య.

"పోనీ నాలుక మీద ఒక్క చుక్క?"

"నాట్యం మధ్యలో ఈ ఉప్పూ పప్పూ ఏంటమ్మా!" అన్నాడు పింఛాలరావు. ఆయన అప్పుడు సాధన చేసుకుంటున్నాడు.

మరి ప్రచారం మాటేమిటి? అబ్బో, ప్రచారానికి మాత్రం ఏ లోటూ లేదు. టేకు ఆకుల మీద ప్రకటనలు రాయించారు. ఆకు నిండా పింఛాలరావు బొమ్మే. కింద ఇలా ఉంది:

మోదుగువాగు రుచుల జాతర. అధ్యక్షత: గంభీరయ్యగారు. ఏర్పాట్లు: లంబయ్యగారు. ప్రచారం, నాట్యం: పింఛాలరావుగారు. వంట: తదితరులు.

కోమలి ఆ ఆకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "వదినా, మన పేరు తదితరులట! నువ్వు పెద్ద తదితర, నేను చిన్న తదితర. రత్తాలూ, నువ్వు నడిపి తదితర."

"మరి నా పిల్లలో?" అంది రత్తాలు.

"వాళ్ళు వగైరా!"

ముగ్గురూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వి నవ్వి, ఆఖర్న నీలవేణి ఒక్కతే నవ్వడం మానేసింది.

పింఛాలరావు ఊరేగుతూ ప్రచారానికి బయల్దేరాడు. మొదటి కొండ మీద, "రండి రండి! మా జాతరలో ఏడు రకాల రుచులు!" అన్నాడు. అందరూ ఆహా అన్నారు. ఆ ఆహా ఆయనకి భలే నచ్చింది. రెండో కొండ మీద, "డెబ్భై రకాలు!" అన్నాడు. ఓహో అన్నారు. మూడో కొండ ఎక్కేసరికి ఒళ్ళు తెలియలేదు. పింఛం విప్పి గిరగిరా తిరుగుతూ, "ఏడొందల రకాలు! ఒకసారి తింటే ఏడాది దాకా పెదాలు నాకుతూనే ఉంటారు!" అన్నాడు.

ఈ మాట తెలిసి కోమలి పరిగెత్తుకొచ్చింది. "ఏం పింఛాలరావు బావగారూ, ఏడొందలా? మేం వండేవి మూడు!"

"మరేం ఫర్వాలేదు," అన్నాడు ఆయన. "మిగతా ఆరొందల తొంభై ఏడూ నేను నాట్యంలో చూపిస్తాను."

జాతర రోజు రానే వచ్చింది. పొద్దున్నే మూడు రాళ్ళపొయ్యిలు వెలిగాయి. మొదటి పొయ్యి మీద గంగాళం నిండా దుంపల పులుసు. రెండో దాని మీద ఉలవగుగ్గిళ్ళు. మూడో దాని మీద తేనె కరుగుతోంది, పానకానికి. ఆ వాసనకి చెట్ల మీది పిట్టలు పాట మధ్యలో మరిచిపోయాయి. నీలవేణి తన చేతి అంచనా ప్రకారం పులుసులో ఇంత ఉప్పు, గుగ్గిళ్ళలో ఇంత ఉప్పు వేసింది.

అప్పుడొచ్చాడు గంభీరయ్య. ఆయన ముందు ఒక ఉప్పుగడ్డ దొర్లుకుంటూ వస్తోంది. కొమ్ములతో నెట్టుకుంటూ తెస్తున్నాడు. అది కుందేలు తలకాయంత ఉంది.

"జాతర ప్రారంభోత్సవం," అన్నాడు. "పెద్దలు కుండలో ఉప్పు వెయ్యాలి. అది మర్యాద."

"నేను వేశానండీ ఉప్పు," అంది నీలవేణి.

"నువ్వు వేసింది వంట ఉప్పు అమ్మాయ్. నేను వేసేది మర్యాద ఉప్పు."

బుడుంగ్! గడ్డలో సగం పులుసులో పడింది. మిగతాదాంట్లో చాలావరకు గుగ్గిళ్ళలో. ఒక ముక్క మిగిలితే, ఏ కుండకీ అన్యాయం జరగకూడదని పానకంలో కూడా వేసి వెళ్ళిపోయాడు.

"పానకంలో ఉప్పు!" అని రత్తాలు నోరు నొక్కుకుంది. ఇంత పెద్ద కుండల్లో ఆ మాత్రం సర్దుకుంటుందిలే అనుకున్నారు.

ముగ్గురూ విస్తళ్ళు పరచడానికి అటు వెళ్ళారో లేదో, లంబయ్య చెట్టు మీద నుంచి దిగాడు. అధ్యక్షుడికేనా మర్యాద, కార్యదర్శికి లేదా? రెండు చేతులా, ఒక తోకా నిండుగా ఉప్పు తెచ్చి మూడింటిలోనూ వేశాడు. నా చేతి రుచి అని రేపు చెప్పుకోవాలి కదా! ఆయన వెళ్ళాక పింఛాలరావు అడుగులేస్తూ వచ్చాడు. తకిట తధిమి అంటూ మూడు కుండల చుట్టూ తిరిగి, ప్రతి తాళానికీ ముక్కు నిండా ఉప్పు వేశాడు. తాళం తప్పినప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆయనకి తాళం చాలాసార్లు తప్పుతుంది.

ఈ ఇద్దరూ వచ్చి వేసిన సంగతి వంటవాళ్ళకి తెలియదు. వంటవాళ్ళు తిరిగొచ్చేసరికి అంతా కరిగిపోయింది. పులుసు చూడ్డానికి ఎప్పటిలాగే కమ్మగా కుతకుతలాడుతోంది. నాలుక మీద ఒక్క చుక్క వేసుకుంటే తెలిసిపోయేది. కానీ వండేవాళ్ళకి నాలుక లేదు కదా, ఆ అడవిలో!

అతిథులు కదిలొచ్చారు. దారుల నిండా జనమే. ఏడొందల రకాలంటే మాటలా! దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి ఏనుగుల మంద వచ్చింది. ముందు ఒక పెద్ద ఆడ ఏనుగు, వెనక పదమూడు.

గంభీరయ్య ఎదురెళ్ళి మూడుసార్లు బుసకొట్టాడు. "దయచెయ్యమ్మా. ఏనుగుల పెద్దగారు వెనక వస్తున్నారా?"

"పెద్దని నేనే," అందామె. "నా పేరు దేవకమ్మ."

"ఓహో, వారి తరఫున వచ్చావన్నమాట."

"ఎవరి తరఫున?"

"అదే... మీ మందలో మగవాళ్ళు..."

"నా తరఫున నేనే వచ్చాను నాయనా. మగవాళ్ళు పెద్దయ్యాక మంద వదిలి వాళ్ళ దారిన వాళ్ళు తిరుగుతుంటారు. ఆకలేస్తోంది, విస్తరి ఎక్కడ?"

కోమలి వెనక నుంచి చూసి నీలవేణి చెవిలో అంది, "వదినా, నాకీ పెద్దమ్మ భలే నచ్చింది."

మొదటి బంతి కూర్చుంది. మధ్యలో గంభీరయ్య, ఒక పక్క దేవకమ్మ, ఇంకో పక్క కార్యదర్శులు. కుందేలు పక్కన చిరుతపులి. దానికి నోరూరుతోంది. "ఆ నోరూరడం పులుసుకేనా బావా?" అని కుందేలు ఒకటికి రెండుసార్లు అడిగి కనుక్కుంది. వంటవాళ్ళు ముగ్గురూ వడ్డించి, గరిటెలు పట్టుకుని వెనక నిలబడ్డారు.

అందరూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

కుందేలు చెవులు నిటారుగా లేచి నిలబడ్డాయి, మళ్ళీ దిగలేదు. చిలకలకి మాట పడిపోయింది. కోతులు చెట్టెక్కి కొమ్మకి నాలుకలు రాసుకున్నాయి. చిరుతపులి కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "ఒట్టెయ్యకుండా ఉండాల్సింది," అంది. గంభీరయ్య ఒక్కడే లొట్టలేశాడు. "బాగానే ఉందే!" అన్నాడు. ఆయన రోజూ ఉప్పుగుట్ట నాకే దున్న మరి.

దేవకమ్మ అప్పటికే తొండం నిండా పానకం పీల్చుకుంది. ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. ఆ తర్వాత, ఫూఊఊ! ఫౌంటెన్‌లా ఎగజిమ్మింది. అదంతా పోయి పింఛాలరావు పింఛం మీద పడింది.

"పదండే పిల్లలూ," అంది దేవకమ్మ. "ఈతకొండ అడవిలో కూడా ఏదో జాతరట. అక్కడికి పోదాం."

పదమూడు ఏనుగులూ లేచాయి.

"తప్పు మాది కాదు!" అని అరిచాడు లంబయ్య. "వంట చేసింది నీలవేణి! నీలవేణి, కోమలి, రత్తాలు!"

కోమలికి ముళ్ళన్నీ ఒకేసారి లేచాయి. "అమ్మయ్య! మా పేర్లు తెలుసన్నమాట మీకు! మెచ్చుకునేటప్పుడు తదితరులం, తప్పొచ్చేసరికి పేరుపేరునా పిలుస్తారా?"

నీలవేణికి ఇదేమీ వినబడలేదు. ఆమె ఏనుగుల వీపుల్నే చూస్తోంది. అవి అటు తిరుగుతున్నాయి. వాటితో పాటు నీళ్ళూ వెళ్ళిపోతున్నాయి. చిన్నదాని ఎండిన నాలుక మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. గరిటె పట్టుకునే పరిగెత్తి దేవకమ్మకి అడ్డంగా నిలబడింది.

"పెద్దమ్మా, వెళ్ళొద్దు. ఇది మేం వేసిన ఉప్పు కాదు."

దేవకమ్మ ఆమెని పైనుంచి కిందికి చూసింది. "వండింది నువ్వే కదా తల్లీ. వడ్డించే ముందు రుచి చూడలేదా?"

"మా అడవిలో వండినవాళ్ళు రుచి చూడకూడదండి."

"ఎందుకని?"

"ఎంగిలవుతుందండి."

దేవకమ్మ నవ్వింది. ఏనుగు నవ్వితే ఎలా ఉంటుందో తెలుసా? విస్తళ్ళన్నీ లేచి ఎగిరాయి. నవ్వడం అయ్యాక ఆమె మెల్లగా చెప్పింది. "కొత్త ఆకు కనబడితే ముందు నేను నోట్లో పెట్టుకుంటాను. చేదో, విషమో నా నాలుకకి తెలిశాకే మా పిల్లలకి. మా మందలో ముందు తినడం గొప్ప కాదమ్మా, పూచీ. నోరు కట్టేసి వంట చేయించే చోట నా పిల్లల్ని ఎలా దింపను చెప్పు?"

నీలవేణి గరిటె దించలేదు, దారి నుంచి జరగలేదు.

"సరే," అంది దేవకమ్మ. "పొద్దు ఆ మద్దికొమ్మ దాకా దిగే లోపల నా పిల్లలు తినగలిగింది ఏదైనా పెట్టు. ఉంటాం. లేకపోతే వెళ్తాం."

"మళ్ళీ వండండి, తొందరగా!" అన్నాడు గంభీరయ్య. వెంటనే కొమ్ములు ఊపాడు. "కానీ రుచి మాత్రం చూడటానికి వీల్లేదు. చూశావో, ఇక నీ చేతి ముద్ద ఈ అడవిలో ఎవరూ ముట్టరు. నీ పిల్లల్ని కూడా ఏ బంతిలోనూ కూర్చోనివ్వం."

నీలవేణి గంభీరయ్యని చూసింది. తన పిల్లల్ని చూసింది. బంతిలో కూర్చోకపోతే పిల్లలు చచ్చిపోరు. నీళ్ళు లేకపోతే చచ్చిపోతారు. ఆమెకి ఇంక ఆలోచించాల్సింది ఏమీ కనబడలేదు.

నడుచుకుంటూ వెళ్ళింది. మొదటి బంతిలో, సరిగ్గా మధ్యన, గంభీరయ్య లేచిన విస్తరి ముందు కూర్చుంది.

"కోమలీ, వడ్డించి నువ్వూ కూర్చో. రత్తాలూ, నువ్వు కూడా."

"అమ్మో అక్కా!" అంది రత్తాలు. అంటూనే కూర్చుంది. పదకొండు మంది పిల్లలూ ఆమె పక్కన బారుగా కూర్చున్నారు. బంతి ఒక్కసారిగా నిండిపోయింది.

నీలవేణి పులుసు ముద్ద నోట్లో పెట్టుకుంది. పిల్లలూ, తన వంట తను వేడిగా తినడం ఆమెకి అదే మొదటిసారి. తిన్నది ఉత్త ఉప్పు కషాయం. కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. అయినా ఎంత వేడిగా ఉంది!

"వదినా, ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?" అంది కోమలి.

"ఉండవే, రుచి చూస్తున్నాను." ఆమె నాలుక అటూ ఇటూ తిప్పింది. ఇన్నేళ్ళూ పని లేకుండా ఉన్న నాలుక అది. ఇప్పుడు పని దొరికేసరికి చకచకా పనిచేసింది. "పులుసు చిక్కగానే ఉంది, పులుపు సరిపోయింది. ఉప్పే ఎక్కువ. నీళ్ళు పొయ్యడానికి నీళ్ళు లేవు. అయితే పొయ్యొద్దు! ఉప్పు వెయ్యని దుంపలు నిప్పుల్లో కాల్చి పెడదాం. పులుసుని నంజుకోవడానికి ఇద్దాం."

"గుగ్గిళ్ళలోకి ఇప్పపూలు వేయించి కలుపుదాం," అంది రత్తాలు నోటి నిండా గుగ్గిళ్ళతో. "ఆ తీపి ఈ ఉప్పుని పట్టుకుంటుంది."

కోమలి పానకం చప్పరించి మొహం ముడిచింది. మళ్ళీ చప్పరించింది. "దీనికి కావలసింది పులుపు వదినా. ఉసిరికాయలు దంచి కలిపితే ఎండలో తాగడానికి ప్రాణం లేచొస్తుంది."

"మరి ఇదంతా చెయ్యడానికి చేతులెక్కడివి?" అంది నీలవేణి. "ముగ్గురమే ఉన్నాం."

దేవకమ్మ తొండం ఎత్తింది. "ముగ్గురేనా? నాకు ఇంకో ముగ్గురు ఖాళీగా కనబడుతున్నారే! ఏం నాయనా కొమ్ములయ్యా, దుంపలు తవ్వు. నువ్వు, తోక అబ్బాయీ, ఉసిరిచెట్టెక్కి దులుపు. నువ్వు... ఆ ఈకలు దేనికి పనికొస్తాయి?"

"నాట్యానికండీ," అన్నాడు పింఛాలరావు, పానకం కారుతూ.

"పొయ్యి విసురు."

పద్నాలుగు ఏనుగులు ఎదురుగా నిలబడి చెబితే కాదనే మగాడు ఏ అడవిలోనూ పుట్టలేదు. గంభీరయ్య బుస కొట్టకుండానే దుంపలు తవ్వాడు. ఆయన తవ్వినవాటిలో సగం రాళ్ళు. రత్తాలు పిల్లలు వాటిని ఏరి ఆయనకే తిరిగిచ్చారు. లంబయ్య దులిపిన ఉసిరికాయలు టపటపా ఆయన నెత్తి మీదే పడ్డాయి. పింఛాలరావు పింఛం విప్పి ఊపుతుంటే నిప్పులు భగ్గుమన్నాయి. నిజం చెప్పొద్దూ, ఆయన జీవితంలో చేసిన అతి మంచి నాట్యం అదే. కోతులు దరువేశాయి. చిలకలకి మాట తిరిగొచ్చి పాట ఎత్తుకున్నాయి. చిరుతపులి కూర్చుని ఇప్పపూలు ఏరింది. ఏరినవాటిలో కొన్ని తిన్నది కూడా, కానీ అది ఎవరికీ చెప్పకండి.

ముగ్గురు వంటవాళ్ళూ ప్రతిదీ రుచి చూశారు. "ఇంకో గుప్పెడు పూలు!" "ఇంకాస్త పులుపు!" "ఇదిగో, ఇప్పుడు తిను వదినా!" "ఆహా!"

పొద్దు మద్దికొమ్మని తాకుతుండగా దేవకమ్మ ముందు విస్తరి పడింది. ఆమె కాల్చిన దుంపని పులుసులో ముంచింది. నోట్లో పెట్టుకుంది. నమిలింది. అడవంతా ఆ దవడలనే చూస్తోంది.

తర్వాత తన మందలో అందరికంటే చిన్న గున్నని దగ్గరికి లాక్కుని దాని నోట్లో ఒక ముక్క పెట్టింది. అంతే! జాతర హోరెత్తిపోయింది. పెట్టింది పెట్టినట్టే అయిపోయింది. తిన్నవాళ్ళు మళ్ళీ వచ్చి వరసలో నిలబడ్డారు. కుందేలు చెవులు దిగాయి. ఉసిరి పానకం తాగిన జింకలు ఎందుకో తెలియకుండానే ఎగిరి గంతులేశాయి. "ఏడొందల రకాలేవి?" అని ఒక్కరూ అడగలేదు. పక్క అడవి కొంగ ఒకటి మాత్రం నీలవేణి దగ్గరికొచ్చి, "అమ్మా, ఇది వండింది ఎవరు?" అంది.

నీలవేణి చేతులు తుడుచుకుంది. "మేమే," అంది. "నీలవేణి, కోమలి, రత్తాలు."

ఉప్పు తిన్నాయి కదా, ఏనుగులకి దాహం వేసింది. తిన్నగా వాగులోకి నడిచి ఇసుక తన్నడం మొదలుపెట్టాయి. ముందు తడి ఇసుక, తర్వాత బురద, తర్వాత బుడబుడమని నీళ్ళు. దేవకమ్మ పక్కకి జరిగింది. నీలవేణి చిన్నకూతురు గోతి అంచున పడుకుని నాలుక నీళ్ళలో పెట్టింది. తాగకుండా అలాగే ఉంచేసింది, ఎంతసేపో.

ఇక అందరూ లేచాక ఆఖరి బంతి పడింది. అంతసేపూ చాకిరీ చేసి ముగ్గురు పెద్దమనుషులూ నీరసంగా వచ్చి కూర్చున్నారు. గిన్నె అడుగున ఉన్నదేదో కోమలి గోకి వడ్డించింది.

గంభీరయ్య ఒక ముద్ద తిన్నాడు. "చల్లారిపోయిందమ్మా," అన్నాడు చిన్నగా.

"అవును బావగారూ," అంది కోమలి. "మాకు అలవాటే. మీకూ అవుతుందిలెండి."

గంభీరయ్య తల దించుకుని తిన్నాడు. తిన్న విస్తరి తనే తీశాడు. అది చూసి మిగతా ఇద్దరూ వాళ్ళ విస్తళ్ళు తీశారు.

మరుసటి ఏడాది మోదుగలు పూసేసరికి టేకు ఆకుల మీద కొత్త ప్రకటనలు వచ్చాయి. ఈసారి వాటిని మూడు కొండలకీ మోసుకెళ్ళింది రత్తాలు పిల్లలు. ఆకు మీద ఎవరి బొమ్మా లేదు, దుంప బొమ్మ ఒకటి ఉంది. కింద ఇలా ఉంది:

మోదుగువాగు రుచుల జాతర. మూడే రకాలు. వంట: నీలవేణి, కోమలి, రత్తాలు. మొదటి బంతి వండినవాళ్ళది. అధ్యక్షత, ఏర్పాట్లు, పొయ్యి విసరడం: తదితరులు.

నీతి: వండే చేతికి తినే నోరు కూడా ఉందని ఒప్పుకోని చోట, ఎంత చాటింపు వేసినా విందు కుదరదు.